స్మార్ట్ ఇంట్లో రిమోట్‌కి ఇంకా పనుంది

ఏసీ రిమోట్ మీద 24 అని కనిపిస్తోందంటే ఏసీ 24 మీద నడుస్తోందని కాదు. రిమోట్ చివరిసారి పంపిన అంకె అది. ఆ సంకేతం ఏసీకి చేరిందో లేదో, మధ్యలో కర్టెన్ అడ్డొచ్చిందో, అసలు ఏసీకి కరెంటు ఉందో లేదో రిమోట్‌కి తెలియదు. మామూలు టీవీ రిమోట్‌కి తెర ఉండదు, ఏసీ రిమోట్‌కి ఉంటుంది. దానికీ ఇదే కారణం. టీవీ రిమోట్ ‘సౌండ్ ఒక మెట్టు పెంచు’ అని చిన్న ముక్క పంపి ఊరుకుంటుంది, సౌండ్ ఎంతలో ఉందో టీవీయే గుర్తుంచుకుంటుంది. ఏసీ రిమోట్ అలా కాదు, లెక్కంతా తనే గుర్తుంచుకుని తెర మీద చూపిస్తుంది. ఏ బటన్ నొక్కినా ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం, రెక్కల కదలిక అన్నీ కట్టగట్టి ఒకేసారి పంపుతుంది. కొన్ని కంపెనీల ఏసీల్లో ఈ సందేశం వంద బిట్లు (0, 1 అంకెలు) దాటిపోతుంది. ఒకే ఏసీకి రెండు రిమోట్‌లున్న ఇంట్లో ఒకదాని మీద 22, ఇంకోదాని మీద 26 కనిపించేది ఇందుకే. రెండోదాంతో ఫ్యాన్ వేగం మారుద్దామని నొక్కితే చల్లదనం కూడా మారిపోతుంది.

స్మార్ట్ హోమ్ విషయంలో చర్చ ఎప్పుడూ ఫోన్ మేలా, నోటితో చెప్పడం మేలా, రిమోట్ మేలా అన్నచోటే తిరుగుతుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ లైటు వెలుగుతోంది, ఏ ఫ్యాన్ ఏ వేగంలో ఉంది అన్న లెక్క ఎవరి దగ్గరుంది? చేతిలోని రిమోట్‌లోనా, ఆ వస్తువులోనా, మధ్యలో ఉండి అన్నిటినీ కలిపి నడిపే హబ్ అనే పెట్టెలోనా, ఎక్కడో దేశం అవతల సర్వర్‌లోనా? రిమోట్‌తో విసిగిపోయిన ఇళ్లలో చూస్తే చాలాసార్లు తప్పు రిమోట్‌ది కాదు, ఆ లెక్క ఉన్న చోటుది.

రిమోట్‌కి ఈ గుడ్డితనం పుట్టుకతో వచ్చిందే. అమెరికాలోని జెనిత్ కంపెనీలో యూజీన్ పోలీ 1955లో తయారుచేసిన ఫ్లాష్‌మాటిక్ నిజానికి టార్చిలైటు లాంటిది. టీవీ మూలల్లో ఉన్న ఫొటోసెల్‌ల మీద ఆ వెలుగు పడితే చానల్ మారేది. కిటికీలోంచి ఎండ పడినా మారేది. మరుసటి ఏడాది అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ స్పేస్ కమాండ్ తెచ్చాడు. దానికి బ్యాటరీయే అక్కర్లేదు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మన చెవికి వినపడని ఆ మోత టీవీకి వినపడుతుంది. తాళంచెవుల గుత్తి గలగలలాడినా ఒక్కోసారి చానల్ మారిపోయేది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ వచ్చి ఈ తంటాలన్నీ తీర్చింది, ఒక్కటి తప్ప: రిమోట్ చెబుతుంది, అవతలిది వింటుంది, తిరిగి జవాబు మాత్రం రాదు.

ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ లోపల జరిగేది చాలా సాదా పని. కంటికి కనపడని కాంతినిచ్చే చిన్న ఎల్‌ఈడీ సెకనుకు దాదాపు 38 వేల సార్లు మిణుకుమంటూ, మధ్యమధ్య ఆగుతూ సంకేతం పంపుతుంది. ఎన్‌ఈసీ అనే ప్రసిద్ధ పద్ధతిలో అది 32 బిట్ల సందేశం. ముందు 8 బిట్ల చిరునామా, వెంటనే దాన్నే తిరగేసిన (0ని 1గా, 1ని 0గా మార్చిన) రూపం, ఆపైన 8 బిట్ల ఆజ్ఞ, దాన్ని తిరగేసిన రూపం. తిరగేసి మళ్లీ పంపడం తప్పులు పట్టుకోవడానికి. ఇక్కడ చిరునామా అంటే ఫలానా ఇంట్లో ఫలానా ఫ్యాన్ అని కాదు, ఆ రకం యంత్రం అని మాత్రమే. హాల్లో ఒకే మోడల్ బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో, రిమోట్‌తో నడిచేవి) రెండు బిగించి, ఒకదాన్ని తగ్గించబోతే రెండూ తగ్గడం చాలామందికి అనుభవమే. రిపేరు మనిషిని పిలిచినా చేసేదేం లేదు, ఆ ఫ్యాన్ల తీరే అంత. ఒక్కో రిమోట్‌ని ఒక్కో ఫ్యాన్‌తో విడిగా జతచేసే రేడియో రకాలు ఉన్నాయి. ఒకే గదికి రెండు కొనేటప్పుడు షాపులో అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

పాత వస్తువుల్ని స్మార్ట్ చేయడానికి వైఫై ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) బ్లాస్టర్‌లు వచ్చాయి. బ్రాడ్‌లింక్ లాంటి కంపెనీల గుండ్రటి డబ్బీ ఒకటి గదిలో పెడితే, అది టీవీ రిమోట్‌నీ ఏసీ రిమోట్‌నీ అనుకరిస్తుంది. రెడ్‌మీ ఫోన్లు చాలావాటిలో నెత్తిన ఉండే ఐఆర్ ఎల్‌ఈడీ చేసేదీ అదే పని. చవక, తేలిక. కానీ రిమోట్ గుడ్డితనం కూడా వీటితోపాటే ఇంట్లోకి వస్తుంది. చాలా టీవీల్లో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే సంకేతం. రాత్రి 11కి టీవీ ఆపేయాలని ఆటోమేషన్ పెట్టుకుంటే, ఆ రోజు ఎవరో పదిన్నరకే ఆపేసి ఉంటే, సరిగ్గా 11కి టీవీ మోగుతుంది. దీనికి విరుగుడు వేరే దారిలో వెతకాలి. కరెంటు వాడకం కొలిచే స్మార్ట్ ప్లగ్ పెట్టి, వస్తువు ఎన్ని వాట్లు తీసుకుంటోందో చూసి, ఆన్‌లో ఉందో లేదో తేల్చుకున్నాకే సంకేతం పంపాలి. ఏసీకైతే ఆ ప్లగ్ 16 ఆంపియర్లది కావాలి. అంటే చెప్పే పని రిమోట్‌ది, చూసే పని ఇంకొకరిది. ఈ రెండో సగం లేకుండా బ్లాస్టర్ కొని, స్మార్ట్ హోమ్ అంతా మోసమని తేల్చేసిన వాళ్లున్నారు.

ఈ చిక్కుతో ఎక్కువకాలం కుస్తీ పట్టింది హార్మొనీ రిమోట్. కెనడాలో పుట్టిన ఈ రిమోట్‌ని లాజిటెక్ 2004లో కొనుక్కుంది. అందులో మెచ్చుకోవాల్సిన ఆలోచన ఒకటుంది. బటన్‌లకి వస్తువుల పేర్లు కాకుండా పనుల పేర్లు పెట్టింది. ‘టీవీ చూడు’ అని నొక్కితే టీవీ, సెట్‌టాప్ బాక్సు, స్పీకర్లు మూడూ వరసగా ఆనై, సరైన ఇన్‌పుట్‌కి మారేవి. ఇంతకుముందు ఏం నొక్కారో గుర్తుపెట్టుకుని ఏది ఆన్‌లో ఉందో రిమోటే ఊహించేది. ఊహ తప్పితే? అందుకే దాని మీద హెల్ప్ బటన్ ఉండేది. నొక్కితే ‘టీవీ ఆన్‌లో ఉందా?’ అని మనిషినే అడిగేది. నవ్వొచ్చినా అంత నిజాయితీ ఉన్న బటన్ మరో రిమోట్‌లో దొరకడం కష్టం. లాజిటెక్ 2021 ఏప్రిల్‌లో వీటి తయారీ ఆపేసింది. స్ట్రీమింగ్ స్టిక్‌లూ, హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారానే ఒకదాన్నొకటి ఆన్ చేసుకునే టీవీలూ వచ్చాక మూడు నాలుగు రిమోట్‌ల బాధ చాలా ఇళ్లలో తగ్గిపోయింది. అయినా బటన్‌కి పని పేరు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఇవాళ్టి హోమ్ ఆటోమేషన్‌లో అలాగే ఉంది, ఉండాలి కూడా.

ఇప్పుడు అసలు విషయానికి. లైట్లూ ఫ్యాన్లూ ఫోన్‌లోంచే నడుస్తున్నప్పుడు చేతిలో మళ్లీ రిమోట్ ఎందుకు? ఫోన్ ఒక మనిషిది, ఇల్లు నలుగురిది. యాప్ సాధారణంగా కొన్నవాళ్ల ఫోన్లో ఉంటుంది. వాళ్లు ఆఫీసుకెళ్తే ఇంట్లో ఉన్న అత్తగారికి, పనమ్మాయికి, సెలవులకొచ్చిన మేనల్లుడికి హాలు లైటు వేయడం కూడా తెలియకపోతే ఆ ఇల్లు స్మార్ట్ అయి ఏం లాభం? నోటితో చెబితే చాలు కదా అంటారు. మాట విని పనిచేసే అమెజాన్ అలెక్సా 2017లో మన దేశానికి ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చుకుంది. తెలుగు తప్ప మరోటి రాని పెద్దవాళ్లు ‘బెడ్‌రూమ్ లైట్’ అని పలికే తీరు దానికి ఎక్కక, మూడోసారి అడిగాక లేచి వెళ్లి స్విచ్చే వేసుకుంటారు. అర్ధరాత్రి పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నప్పుడు ఏ భాషలోనైనా గట్టిగా అరిచి చెప్పడం కుదరదు. చీకట్లో వేలితో తడిమి నొక్కగలిగే బటన్‌కి సాటి వచ్చేది ఇంతవరకు రాలేదు.

స్మార్ట్ ఇళ్ల కోసం వచ్చిన రిమోట్‌లు చాలావరకు జిగ్‌బీ అనే రేడియో పద్ధతిలో పనిచేస్తాయి. వైఫై ఎందుకు కాదంటే, బ్యాటరీ వల్ల. వైఫై రిమోట్ ఎప్పుడూ రౌటర్‌తో కలిసే ఉంటే సెల్లు రోజుల్లో అయిపోతుంది. నిద్రపోయి లేస్తే మళ్లీ రౌటర్‌ని వెతికి కలవడానికి సమయం పడుతుంది, బటన్ నొక్కినవాళ్లకి అది ఎదురుచూపు. జిగ్‌బీ రిమోట్ దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. నొక్కగానే లేచి, చిన్న సందేశం పంపి, అందిందన్న జవాబు తీసుకుని మళ్లీ పడుకుంటుంది. దాదాపు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల సీఆర్2032 బటన్ సెల్‌తో కూడా ఏడాదికి పైగా నెట్టుకొస్తుంది. ఇక్కడ ‘అందింది’ అన్న జవాబే కీలకం. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌కి ఎప్పుడూ దక్కనిది అదే.

జిగ్‌బీలో ఇంకో సౌకర్యం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. రిమోట్‌ని బల్బులతో నేరుగా కట్టేయొచ్చు. దాన్ని బైండింగ్ అంటారు. అలా కట్టేస్తే హబ్ ఆగిపోయినా, ఇంటర్నెట్ పోయినా, రిమోట్ సందేశం సూటిగా బల్బుకి వెళ్తుంది. ఐకియా స్టైర్‌బార్, ఫిలిప్స్ హ్యూ డిమ్మర్ లాంటివి ఇలా నడుస్తాయి. రెండో పద్ధతిలో రిమోట్ హబ్‌కి చెబుతుంది, ఏం చేయాలో హబ్ నిర్ణయిస్తుంది. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎక్కువగా ఈ దారే పడతారు. ఇక్కడ ఒకే బటన్ పగలు ఒక పని, రాత్రి ఇంకో పని చేయగలదు. ఒకసారి నొక్కితే లైటు, రెండుసార్లు నొక్కితే ఫ్యాన్, పట్టుకుని ఉంటే అన్నీ ఆఫ్. బలం ఎక్కువే, కానీ హబ్ ఆగితే బటన్ కూడా ఆగుతుంది. పడగ్గది లైటు, బాత్రూమ్ దారి లైటు నేరుగా కట్టేసి, సినిమా చూసేటప్పుడు వెలుతురు తగ్గించే ముచ్చట్లు మాత్రం హబ్‌కి వదిలేయడం మంచి పంపకం.

దూరపు సర్వర్ మీద ఆధారపడితే ఏమవుతుందో రెండు సంఘటనలు చూపించాయి. 2021 డిసెంబర్ 7న అమెజాన్ క్లౌడ్ సేవలు గంటల తరబడి ఇబ్బందిపడ్డప్పుడు అలెక్సాకి చెబితే పలకని ఇళ్లు ఎన్నో. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ మాటామంతీ లేకుండా సర్వర్లు ఆపేసింది. యాప్‌లు మూగబోయాయి. అయినా ఇన్‌స్టియాన్ స్విచ్‌లూ రిమోట్‌లూ తమలో తాము నేరుగా జతకట్టి ఉన్న చోట లైట్లు ఎప్పట్లాగే వెలిగాయి. తర్వాత దాన్ని వాడేవాళ్లే కొందరు కలిసి కంపెనీని కొనుక్కున్నారన్నది వేరే కథ.

మన ఇళ్ల దగ్గరికొస్తే రిమోట్‌కి మొదటి శత్రువు గోడ మీది స్విచ్చే. స్మార్ట్ బల్బు పెట్టి, ఎవరో అలవాటు కొద్దీ గోడ స్విచ్ ఆపేస్తే, ఇక ఆ బల్బు ఎవరి మాటా వినదు. నష్టం అక్కడితో ఆగదు. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే బల్బులు చాలావరకు పక్క వస్తువుల సందేశాల్ని ముందుకు అందిస్తాయి. హాలు బల్బు స్విచ్ ఆపేస్తే, దాని ద్వారా హబ్‌కి చేరే వంటింటి రిమోట్ కూడా పనిచేయకపోవచ్చు. సెల్ అయిపోయిందనుకుని మార్చేస్తారు, రిమోట్ పాడైందనుకుని ఇంకోటి కొంటారు, కారణం మాత్రం పక్క గదిలో ఉంటుంది. స్లాబు, కాంక్రీటు గోడలు ఎక్కువున్న ఇళ్లలో ఇది మరీ కనిపిస్తుంది. హబ్‌గా చిన్న కంప్యూటర్ వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. జిగ్‌బీ డాంగుల్‌ని (సంకేతాలు అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) యూఎస్‌బీ 3.0 పోర్టులో నేరుగా గుచ్చితే ఆ పోర్టు రొదకి జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు దెబ్బతింటాయి. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరిపితే చాలాసార్లు ‘దెయ్యం పట్టిన రిమోట్’ బాగైపోతుంది.

అందుకే మన దగ్గర బల్బుని స్మార్ట్ చేయడం కంటే స్విచ్‌బోర్డు వెనక చిన్న రిలే మాడ్యూల్ (సంకేతం అందితే కరెంటు కలిపి, తెంచే ముక్క) పెట్టించడం మేలు. అమెరికాలోని పాత ఇళ్ల స్విచ్ పెట్టెల్లో దానికి కావాల్సిన న్యూట్రల్ వైరు చాలాసార్లు దొరకదు. మన బోర్డుల్లో స్విచ్‌ల పక్కనే ప్లగ్ సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ ఎలాగూ వచ్చి ఉంటుంది. ఇది మనకి కలిసొచ్చిన విషయం. ఇలా చేస్తే గోడ స్విచ్ నొక్కినా, రిమోట్ నొక్కినా, ఫోన్లో నొక్కినా ఒకటే, లైటు వెలుగుతోందో లేదో అన్న లెక్క రిలే దగ్గరే ఉంటుంది. ఎవరూ పాత అలవాటు మానుకోనక్కర్లేదు. పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే, మెయిన్ ఆపి చేయించాలి.

కరెంటు పోయి వచ్చినప్పటి సంగతి ముందే చూసుకోవాలి. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే పూర్తి వెలుగుతో వెలుగుతాయి. వేసవిలో రాత్రి రెండింటికి పవర్ కట్ అయి, పది నిమిషాల తర్వాత కరెంటు వస్తే పడగ్గదిలో పెళ్లిపందిరి వెలుగు. ‘పోకముందు ఎలా ఉందో అలాగే ఉండు’ అనే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది, దాన్ని వెతికి పెట్టుకోవాలి. రౌటర్, హబ్ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. బీఎల్‌డీసీ ఫ్యాన్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకునే చోట ఇవి 30 వాట్ల దగ్గర నడుస్తాయి కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో బాగా పాకాయి. కానీ గోడ మీది పాత రెగ్యులేటర్‌ని తీసేయించకుండా వీటిని బిగిస్తే, రెగ్యులేటర్ ఒకవైపు, రిమోట్ ఒకవైపు లాగుతాయి. ఫ్యాన్ లోపలి సర్క్యూట్‌కి అది మంచిది కాదు.

ఇక రిమోట్ మీద ఏముండాలి? తక్కువ ఉండాలి. ఆన్, ఆఫ్ రెండూ వేరువేరు బటన్లుగా ఉన్నదే కొనాలి. ఒకే బటన్‌తో వెలిగి ఆరే రకంలో, హాల్లో నాలుగు లైట్లలో రెండు వెలుగుతుంటే నొక్కగానే అవి ఆరి మిగతా రెండు వెలిగే వింత జరుగుతుంది. హ్యూ డిమ్మర్ మొదటి రకం మీద నాలుగే ఉండేవి: ఆన్, పెంచు, తగ్గించు, ఆఫ్. అది అయస్కాంతంతో గోడకి అతుక్కుని ఉంటుంది, కావాలంటే ఊడదీసి చేత పట్టుకోవచ్చు. గోడకి అతుక్కునే సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, రిమోట్‌కి ఒక చోటు ఉండటం దాని సగం విజయం. సోఫా దిండ్ల కింద పడి ఉండే రిమోట్ కంటే తలుపు పక్కన గోడకి ఉన్న రిమోట్‌నే ఇంట్లో అందరూ వాడతారు. టచ్‌స్క్రీన్ ఉన్న ఖరీదైన రిమోట్‌లు చూడ్డానికి బావుంటాయి. కానీ చూడకుండా నొక్కలేని రిమోట్ అంటే ఛార్జింగ్ పెట్టాల్సిన ఇంకో ఫోనే. ఒక్కో బటన్‌కి మూడు నాలుగు పనులు అంటగట్టడం కూడా పెట్టినవాళ్లకే సరదా. వారం తర్వాత మూడుసార్లు నొక్కితే ఏం జరుగుతుందో వాళ్లకీ గుర్తుండదు.

వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకే భాష మాట్లాడాలని 2022 అక్టోబర్‌లో మ్యాటర్ 1.0 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. బల్బులు, ప్లగ్‌ల వరకు పని తేలికైంది. బటన్ల విషయంలో మాత్రం ఒక్కో యాప్ తీరు ఒక్కోలా ఉంది, డబ్బా మీద మ్యాటర్ గుర్తు చూసి రిమోట్ కొనేయకుండా తమ యాప్‌లో ఆ బటన్‌కి పని కేటాయించడం కుదురుతుందో లేదో చూసుకోవాలి. అమెరికా నుంచి పెట్టెలో వచ్చే సామాన్లదీ ఇలాంటి కథే. జిగ్‌బీ రిమోట్ డల్లాస్‌లో కొన్నా విజయవాడలో పనిచేస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ అన్నిచోట్లా ఒకటే. జడ్-వేవ్ అనే ఇంకో రేడియో పద్ధతి రిమోట్ అయితే అక్కడ 908.42 మెగాహెర్ట్జ్ మీద, మన దేశంలో 865.2 మీద నడుస్తుంది. అన్నయ్య ప్రేమగా తెచ్చినా ఇక్కడి హబ్‌తో కలవదు. 120 వోల్టులకే తయారైన బల్బుని ఇక్కడి 230 వోల్టుల హోల్డర్‌లో పెడితే ఇంకా త్వరగా తెలిసిపోతుంది.

భద్రత సంగతి చాలామంది పట్టించుకోరు. ఇన్‌ఫ్రారెడ్‌కి తాళమే లేదు, కానీ గోడ దాటదు కాబట్టి ఫర్వాలేదు. చవకరకం 433 మెగాహెర్ట్జ్ రేడియో రిమోట్‌లు ప్రతిసారీ ఒకే సంకేతం పంపుతాయి. బయట నిలబడి దాన్ని పట్టుకుని మళ్లీ పంపొచ్చు. మిద్దె లైటుకి సరే, గేటుకి వద్దు. గేటుకి ప్రతిసారీ కోడ్ మారే రకమే ఉండాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంతకంటే పెద్ద ప్రమాదం బటన్ సెల్‌ది. పిల్లలు మింగితే అది గొంతు దిగే దారిలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. అమెరికా 2022లో దీనికోసమే రీస్ లా అనే చట్టం తెచ్చింది. సెల్ మూతకి స్క్రూ ఉన్న రిమోట్, లేదా పెన్సిల్ సెల్లుతో నడిచే రిమోట్ తీసుకోవడం మేలు.

గీజర్, నీళ్ల మోటార్ మాత్రం లైట్ల లెక్కలో చూడకూడదు. 3000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల రిలే వెనక దాన్ని పెడితే రిలే లోపల కరెంటు కలిపే రేకులు అతుక్కుపోయి, ఆఫ్ నొక్కినా ఆగకపోవచ్చు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి దానికి కాంటాక్టర్ (భారీ కరెంటు తట్టుకునే స్విచ్) ఉన్న స్టార్టర్ ద్వారానే రిలే కలపాలి. పైగా ఈ రెండూ కంటికి కనపడని చోట నడిచేవి. రిమోట్ ఆన్ చేసిన మోటార్‌ని ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్ ఆపాలి, గీజర్‌ని టైమర్ ఇరవై నిమిషాలకి ఆపాలి. ఆ రెండూ బిగించాకే వాటికి రిమోట్‌లో బటన్ కేటాయించాలి.